క్లారినెట్ పెట్టె: ఎన్నిక, వాడుక

మహాశివరాత్రినాటి కోటప్పకొండ మన శ్రోతలలో చాలమందికి పరిచితమైన దృశ్యమే. ఏ దిక్కున నిలిచి చూచినను మూడు శిఖరములు కనబడునని ప్రసిద్ధి వహించిన ఆ కొండ దిగువన, చుట్టుప్రక్కల పల్లెలనుండి బయలుదేరిన ప్రభలు వరుసగా వచ్చి నిలుచును. వానిలో కొన్ని నూరడుగుల ఎత్తువరకు ఉండును. వెదురుకట్టు, రంగుగుడ్డలు, విద్యుద్దీపములు, వాని వెనుక విద్యుచ్ఛక్తి నిచ్చు యంత్రముల రొద, ఇవి అన్నియు కలిసి రాత్రిని పగలు చేయును. అయినను మేళము కదలనిదే ప్రభ కదలదు. ఒకచోట సన్నాయి, డోలు, మరొకచోట బ్యాండుమేళము. ఆ బ్యాండులో బాకాల గర్జనల నడుమ పాటను స్పష్టముగా పలికించు బాధ్యత క్లారినెట్టుది.

ప్రభలను చూచువారు లక్షలలో నుందురు. ఆ వాద్యములు ఏ పెట్టెలలో, ఏ సంచులలో అక్కడకు వచ్చినవో చూచువారు అరుదు. మేమును చూడలేదు. ఒక శివరాత్రికి ధ్వనిముద్రణ నిమిత్తము అక్కడకు పోయినపుడు మాత్రము చూడవలసివచ్చినది.

ఒక మేళము వారు ట్రాక్టరుపై వచ్చిరి. డోళ్లు, బాకాలు, దుస్తుల మూటలు అన్నియు ఒకటిగా పేర్చిరి. ఆ మూటలక్రింద గోనెసంచిలో చుట్టిపెట్టిన క్లారినెట్ ఉన్నది. దానిని బయటకు తీసి బిగించి ఊదగా పై స్వరములు రెండు పలికినవి. క్రింది స్వరములు పలుకలేదు. పరిశీలింపగా ఒక పొడుగు మీట వెంట్రుకవాసి వంగియున్నది. ఇరువది యేండ్ల యువకుడు రాత్రి రెండుజాముల వరకు వాద్యము ఒడిలో పెట్టుకొని ప్రభ చక్రముల ప్రక్కన కూర్చుండెను. ఊదనివానికి ఆ రాత్రి వాటా లేదు. మేళములలో అది కట్టుబాటు. బ్యాండుమాస్టరును తప్పుపట్టుటకు వీలులేదు.

మరునాడు ఆ యువకుని తండ్రి మా వద్దకు వచ్చి, “అయ్యా, మీరు రేడియోవారు. ఎందరో విద్వాంసులు మీ దగ్గరకు వస్తుంటారు. వాళ్లు ఎట్లాంటి పెట్టెల్లో తెస్తారో మీరు చూసే ఉంటారు. మావాడికి ఏ పెట్టె కొనమంటారో కాస్త చెప్పండి” అని అడిగెను. ఆ పూట మేము సరియైన సమాధానము చెప్పలేకపోతిమి. వాద్యము చేతికి వచ్చిన తరువాతనే మా పని ఆరంభమగును గనుక, అది వచ్చిన పెట్టెను మేము శ్రద్ధగా చూచియుండలేదు. ఆ తరువాత విద్వాంసులను అడిగితిమి, బాగుచేయువారిని అడిగితిమి, పెట్టెలను తెరచి చూచితిమి. ఆ తండ్రికి ఇయ్యవలసిన సమాధానమే ఈ వ్యాసము. పిల్లలకు క్లారినెట్ నేర్పించు గృహస్థులకును ఇది ఉపయోగపడునని మా ఆశ.

గవిసెనతో సరిపోదు

మన దేశములో వాద్యమునకు తొడుగు కొత్త సంగతి కాదు. వీణకు గవిసెన ఉన్నది. నాదస్వరమునకు పొడుగైన గుడ్డసంచి ఉన్నది. కోటప్పకొండకు సమీపమున ఉన్నట్టి చిలకలూరిపేట నాదస్వరమునకు పెట్టిన పేరు. అచ్చటి షేక్ ఆదం సాహెబ్ వద్ద శిక్షణ పొందిన షేక్ చిన మౌలానా 1924లో ప్రకాశం జిల్లా కరవదిలో జన్మించి, పిదప శ్రీరంగమున స్థిరపడి, 1998లో మద్రాసు సంగీత అకాడమీవారి సంగీత కళానిధి బిరుదము నందుకొనెను. ఆ పరంపరలోని వారు తమ వాద్యములను గుడ్డసంచులలోనే మోసికొని ఊరూర తిరిగిరి. మరి క్లారినెట్టుకు మాత్రము పెట్టె ఎందులకు?

రెండు వాద్యములను ప్రక్కప్రక్కన నుంచి చూచిన సమాధానము తెలియును. నాదస్వరము బలమైన కొయ్య గొట్టము. క్రింద అనసు, పైన పీక. మీటలు లేవు, మరలు లేవు. దాని ఉపకరణములు సైతము దానినే అంటిపెట్టుకొనియుండును. అదనపు పీకలు, వానిని సరిచేయు సూది దారముతో కట్టి వాద్యమునకే వ్రేలాడుచుండుట మీరు చూచియే యుందురు. దానికి మెత్తని గుడ్డ చాలును. పీకలకు మాత్రము జాగ్రత్త కావలెను.

క్లారినెట్ స్వభావము వేరు. అది 18వ శతాబ్ది ఆరంభమున జర్మనీలోని న్యూరెంబర్గు నగరములో డెన్నర్ అను వాద్యనిర్మాత చేతిలో రూపొందినది. 1812 ప్రాంతమున ఇవాన్ ముల్లర్ పదుమూడు మీటల వాద్యమును ప్రచారములోనికి తెచ్చెను. 1839లో ఫ్రాన్సులో క్లోజే, బఫే అనువారు నేటి బోయెమ్ పద్ధతి వాద్యమును ప్రదర్శించిరి. తరతరమునకు మీటలు పెరిగినవి; మీటలతోపాటు సూక్ష్మమైన మరలు, ఉక్కు తీగలు, మెత్తలు పెరిగినవి. మన దక్షిణదేశమునకు ఇది బ్యాండుతో వచ్చినది. 19వ శతాబ్దిలో తంజావూరు ప్రాంతమున మహాదేవ నట్టువనార్ దీనిని నాట్యమేళములోనికి తెచ్చెనని చెప్పుదురు. ఆ తరువాత తిరుచిరాపల్లికి చెందిన ఎ.కె.సి. నటరాజన్ దీనిపై గమకములను పలికించి కచేరీ వాద్యముగ నిలిపెను. ఆయనకు 2008లో సంగీత కళానిధి, 2022లో పద్మశ్రీ లభించినవి. మనవారిలో పలువురు నేటికిని తక్కువ మీటలు గల పాతపద్ధతి వాద్యమునే ఇష్టపడుదురు. వ్రేలు రంధ్రముపై జారించి గమకము పలికించుటకు అది అనుకూలము. అయినను దానిమీదను మీటలు ఉన్నవి, అవి వంగును.

సాధారణముగ వాడుకలో నున్న క్లారినెట్ బిగించినపుడు సుమారు 67 సెంటీమీటర్ల పొడవుండును. విప్పినచో ఐదు ముక్కలగును: నోటిలో పెట్టుకొను మౌత్‌పీసు, దాని క్రింది బారెలు, పై గొట్టము, క్రింది గొట్టము, చివర గంట. ఒక ముక్కను మరొక ముక్కలో దూర్చుచోట కార్కు చుట్టియుండును. పై గొట్టమును క్రింది గొట్టమును కలుపుచోట కొన్ని వాద్యములలో సన్నని వంతెనవంటి మీట యుండును. వాద్యము చెడుట తరచుగా అచ్చటనే మొదలగును. మీట ఇంచుక వంగినచో దాని మెత్త రంధ్రముపై సరిగా కూర్చుండదు. గాలి కారును. గాలి కారుచోటికి దిగువనున్న స్వరములన్నియు తడబడును. ఆ శివరాత్రి జరిగినది అదియే.

పెట్టె కాపాడవలసినవి

పెట్టె అందముగా నున్నదా లేదా అను ప్రశ్నకు ముందు, అది దేనినుండి కాపాడవలెనో తెలిసికొనవలెను. మా విచారణలో ప్రధానముగ నాలుగు తేలినవి.

మొదటిది దెబ్బ. ఇందులో రెండు విధములు. పైనుండి పడు బరువు ఒకటి, లోపలి కుదుపు మరొకటి. మూటక్రింద నలుగుట మొదటి విధము. పల్లెబాటలో ట్రాక్టరు ఎగిరినప్పుడు పెట్టె చెక్కుచెదరక, లోపలి ముక్కలు మాత్రము ఒకదానితో నొకటి కొట్టుకొనుట రెండవ విధము. గట్టి పెట్టె మొదటిదానినుండి కాపాడును. రెండవదానినుండి కాపాడునది లోపలి అమరిక. పెట్టె కొనువారిలో ఎక్కువమంది పై గట్టిదనమునే చూతురు. లోపలి అమరికను చూడరు.

రెండవది ఎండ. మంచి క్లారినెట్లు ఆఫ్రికాలో పెరుగు నల్లని గట్టి కొయ్యతో చేయుదురు. చౌకవి ఎబొనైటుతోగాని, ప్లాస్టిక్కుతోగాని చేయుదురు. మౌత్‌పీసు సాధారణముగ ఎబొనైటుతో నుండును. ఎబొనైటు అనగా గంధకముతో గట్టిపరచిన రబ్బరు. అధికమైన వేడికి అది ఆకారము మారును. ఎండకు నలుపు పోయి పాచిరంగునకు తిరుగును. శివరాత్రి వెళ్లినదిమొదలు పలనాట ఎండ ముదురును. అద్దములు మూసిన మోటారుబండిలో గాని, టిన్ను రేకు ట్రంకుపెట్టెలో గాని వాద్యము నుంచి మధ్యాహ్నము ఎండలో వదలుట దానిని పొయ్యిపై పెట్టుటయే.

మూడవది తేమ. ఇది మోసకారి. ఊదునపుడు గొట్టము లోపల ఊపిరి తేమ పట్టును. వెలుపల పొడిగాలి తగులును. లోపలి కొయ్య ఉబ్బుచుండగా వెలుపలి కొయ్య ఉబ్బదు. ఆ పెనుగులాటలో కొయ్య చీలును. పై గొట్టమునకు, బారెలునకు ఈ ప్రమాదము ఎక్కువ. కొత్త వాద్యమునకు మరింత ఎక్కువ. గాలిలోని తేమ నూటికి నలుబది నుండి అరువది పాళ్ల నడుమ నుండుట కొయ్య వాద్యమునకు మేలని చెప్పుదురు. మన దేశములో వానకాలము ఒక కొనకు, వేసవి మరొక కొనకు లాగును. పెట్టె ఈ మార్పును ఆపలేదు, నెమ్మదింపజేయగలదు. హఠాత్తుగా వచ్చు మార్పు కొయ్యకు హాని. మెల్లగా వచ్చు మార్పును అది సహించును.

నాలుగవది దుమ్ము, పురుగు. తిరునాళ్ల దుమ్ము మరలలోని నూనెతో కలిసి బంక యగును. మెత్తలలో ఉన్నితో చేసిన ఫెల్టు ఉండును. పట్టుచీరలను, శాలువలను తిను పురుగులు దానిని విడువవు. సంవత్సరమునకు ఒకసారి శివరాత్రికి మాత్రమే తెరచు పెట్టెలో ఈ నష్టము అధికము. తెరచిచూచుటయే దీనికి మందు.

పెట్టెలలో రకములు

అంగడిలో దొరకు పెట్టెలను స్థూలముగ మూడు తెగలుగా చూడవచ్చును.

మొదటి తెగ పాతకాలపు కొయ్యపెట్టె. పలుచని ప్లైవుడ్డుతో చేసి, పైన తోలుగాని రెక్సిను గాని అంటించి, లోపల మఖమలు పరచినది. ఒక్కొక్క ముక్కకు దాని ఆకారముగల గుంట ఉండును. ఇది బరువును ఓర్చును, వేడిని త్వరగా లోనికి రానీయదు, బాగుచేసికొనుటకు వీలైనది. మడతబందు ఊడిన వడ్రంగి బిగించును. మఖమలు చిరిగిన దర్జీ కుట్టును. బరువుగా నుండుట, వానకు నానినచో చెక్క పొరలు విడుట దీని లోపములు.

రెండవ తెగ గట్టి ప్లాస్టిక్కు లేక గాజునార పెట్టె. వానకు చలింపదు. కొత్త చౌకవాద్యముతో వచ్చు ప్లాస్టిక్కు పెట్టె ఈ తెగలోనిదే. గాజునార పెట్టె తేలికయు దృఢమును అగును, వెల ఎక్కువ. చౌక ప్లాస్టిక్కు పెట్టెల కొక్కెములు ముందుగా విరుగును. ఒకసారి విరిగినచో మన ఊళ్లలో అతుకు పెట్టువారుండరు. పెట్టెకు తాడు చుట్టుకొని తిరుగవలసివచ్చును.

మూడవ తెగ పైన గుడ్డ, లోపల గట్టి నురుగుదిమ్మె గల పెట్టె. చూచుటకు సంచివలె నుండును, జిప్పుతో మూయుదురు, వీపున తగిలించుకొనుటకు పట్టీలుండును. బస్సు ప్రయాణమునకు, సైకిలు ప్రయాణమునకు ఇంత అనుకూలమైనది మరొకటి లేదు. కుదుపును నురుగు మ్రింగును. కాని దానిపై ఎవరైన కూర్చుండినచో కాపాడునను నమ్మకము లేదు. దుమ్ము పట్టిన జిప్పు ఏడాదిలో మొరాయించును.

ఇవి కాక ఉత్త గుడ్డసంచులు గలవు. ఇంటిలో ఒక గదినుండి మరొక గదికి తీసికొనిపోవుటకు అవి చాలును. ఊరు దాటించుటకు చాలవు. క్లారినెట్టును విప్పకుండ పొడుగుగనే పెట్టు సంచులను కూడ కొందరు కుట్టించుకొందురు. విప్పుట, బిగించుట తప్పునని వారి వాదము. పొడుగు వాద్యము తగిలినపుడు ఆ తాకిడి బలమంతయు నడిమి కీలుపై పడును. ఊదిన తేమయు లోపలనే నిలుచును. మేము అడిగిన బాగుచేయువారిలో ఒక్కరును దానిని మెచ్చలేదు.

కొనుటకుముందు పరీక్ష

పెట్టె కొనబోవునపుడు వాద్యమును వెంట తీసికొనిపోవుట మొదటి నియమము. పాతపద్ధతి వాద్యముల కొలతలు నేటి పెట్టెల గుంటలకు ఒక్కొక్కప్పుడు సరిపడవు. ముక్క గుంటలో ఇరుకుగా కూర్చున్నచో మూత మూసిన ప్రతిసారియు మీటలు నలుగును. వదులుగా నున్నచో కదలును. రెండును హానియే.

ముక్కలను అమర్చి, కొక్కెములు బిగించి, పెట్టెను చెవివద్ద పెట్టుకొని మెల్లగా అటునిటు ఊపవలెను. లోపల టకటక వినబడినచో ఆ పెట్టె వలదు. చప్పుడు స్వల్పమైనచో పలుచని మెత్తని గుడ్డ పరచి చూడవచ్చును. రేడియోలో పనిచేయు మాకు ఈ పరీక్ష మిక్కిలి నచ్చినది. కంటికి దొరకని లోపమును చెవి పట్టుకొనును.

తరువాత మూతపై అరచేయి నుంచి గట్టిగా నొక్కవలెను. మూత లోనికి వంగి మీటలను తాకునట్లుండరాదు. గొట్టముల మీటలకును మూతకును నడుమ మెత్త ఉండవలెను గాని ఒత్తిడి ఉండరాదు.

కొక్కెములు రెండైనను ఉండవలెను. ఒకటి ఊడినను రెండవది పట్టుకొనునట్లు ఉండుట ముఖ్యము. పిడిని పట్టుకొని పెట్టెను ఎత్తినపుడు ఏవైపు వ్రేలాడునో చూడవలెను. భుజపు పట్టీ ఉన్నచో దాని వలయములు పెట్టె చెక్కకు మరలతో బిగించినవా, కేవలము గుడ్డకు కుట్టినవా అని విచారింపవలెను.

మరొక చిన్న సంగతి. చాల పెట్టెలు పైన క్రింద ఒకే తీరున నుండును. చీకటిలో తొందరలో తలక్రిందులుగా తెరచినచో ముక్కలన్నియు నేలపాలగును. ప్రభల వెలుగు కన్నులలో పడుచుండగా ఇది సులభముగ జరుగును. మూత వైపున తెల్లని రంగుచుక్క గాని, గుడ్డముక్క గాని అంటించుకొన్నచో ఈ ప్రమాదము తప్పును. దీనికి కాసు ఖర్చు లేదు.

ఉపకరణముల అర

వాద్యముతోపాటు పోవలసినవి ఇవి: రీడులు, రీడును పట్టియుంచు బిగింపు, మౌత్‌పీసు మూత, లోపల తుడుచుటకు గుడ్డ, కార్కుకు రాయు మెత్తని కొవ్వు, సన్నని స్క్రూడ్రైవరు, ఒక దారపుఉండ.

రీడు అన్నింటిలోను సుకుమారము. అది ఒక జాతి రెల్లుతో చెక్కిన పలుచని పలుక. దాని కొన కాగితమువలె నుండును. విడిగా పెట్టెలో పడవేసినచో ఒక్క కుదుపునకు చిట్లును. చదునైన పలకపై పరచి మూయు చిన్న డబ్బాలు దొరకును. నాలుగు రీడులు పట్టునది ఒకటి కొనుట మంచిది. ఆ డబ్బా గాలి తగులునదిగా నుండవలెను. తడిరీడును బిగించి మూసినచో బూజు పట్టును.

తుడుపుగుడ్డ తప్పనిసరి. ఊదుట పూర్తియైన వెంటనే గొట్టముల లోపల తుడువవలెను. ఆ తరువాత ఆ తడిగుడ్డను మరల మఖమలుపై పడవేయువారు పెక్కుమంది. తుడిచి తీసిన తేమను తిరిగి పెట్టెలోనే బంధించుట వలన ప్రయోజనమేమి? గుడ్డకు పెట్టె వెలుపల ఒక జేబు కుట్టించుట మేలు.

దారపుఉండను చూచి నవ్వవలదు. కార్కు అరిగి కీలు వదులైనపుడు రెండు చుట్లు దారము వేసి రాత్రి గడపవచ్చును. అదే పనికి రబ్బరుపట్టీ వాడరాదు, పెట్టెలో ఉంచనుగూడదు. రబ్బరులోని గంధకము వెండిపూత మీటలను నల్లబరచును.

ఏవి ఉండరాదో కూడ చెప్పవలెను. మేము చూచిన ఒక పెట్టెలో మఖమలుపై తమలపాకుల కట్ట, సున్నపుకాయ, కార్యక్రమపు కరపత్రములు, ఒక అరటిపండు ఉన్నవి. దాని స్వామిని అడుగగా, “పెట్టె చేతిలో ఉందిగదా అని పెట్టానండీ, ఇంకో సంచి ఎవరు మోస్తారు?” అని చిరునవ్వు నవ్వెను. ఆయన మాటలో న్యాయము లేకపోలేదు. అందుచేతనే పెట్టెకు తొడుగవలసిన గుడ్డసంచికి వెలుపల రెండు పెద్ద జేబులు కావలెనని మేమందుము. మనిషి అవసరములకు చోటు చూపినచో వాద్యము చోటు వాద్యమునకు మిగులును.

ఊరి వడ్రంగి చేయు పెట్టె

అంగడి పెట్టె కొనజాలనివారు నిరుత్సాహపడనక్కరలేదు. పాత వాద్యము పెట్టె లేకుండ కొనినవారికి ఇంటివద్ద చేయించుకొనుటయే తరచుగా మేలు. అది ఆ వాద్యము కొలతకే తయారగును.

వాద్యమును విప్పి ఐదు ముక్కలను ఒక కాగితముపై ప్రక్కప్రక్కన పరువవలెను. అన్నిటికంటె పొడుగైన క్రింది గొట్టము సుమారు పావు మీటరు ఉండును. పెట్టె పొడవును నిర్ణయించునది అదియే. ముక్కకు ముక్కకు నడుమ బొటనవ్రేలి మందమైన ఎడముంచి పెన్సిలుతో గీతలు గీయవలెను. ఒక మూల ఉపకరణముల అరకు స్థలము వదలవలెను. ఈ కాగితమే వడ్రంగికి నమూనా.

పెట్టె నాలుగు ప్రక్కలకు పలుచని టేకుపలక, అడుగునకు మూతకు ప్లైవుడ్డు చాలును. మేకులకంటె జిగురుతో కూడిన పంటికీలు మన్నును; మేకు తల లోనికి పొడుచుకొనివచ్చినచో మఖమలును, మీటను గీయును. లోపల గట్టి నురుగుదిమ్మెను కాగితపు నమూనా ప్రకారము కోసి, గుంటలు చేసి, పైన మెత్తని గుడ్డ అంటింపవలెను. నురుగు దొరకనిచోట బూరుగుదూది గట్టిగ కుట్టిన చిన్న దిండ్లు అమర్చవచ్చును. దూది కొంతకాలమునకు అణగును గనుక ఏడాదికొకసారి దిండ్లను మార్చవలెను. జిగురు వాసన పూర్తిగా పోయి, పెట్టె చక్కగ ఆరినవరకు వాద్యమును అందులో నుంచరాదు. వారము దినములు మూత తెరచి నీడన ఉంచుట మంచిది.

పైన మందపు కాన్వాసు గుడ్డతో సంచి కుట్టించి, దానికి భుజపుపట్టీ, వెలుపలి జేబులు పెట్టింపవలెను. వాన వచ్చినపుడు కప్పుటకు ఒక ప్లాస్టిక్కు తొడుగు మడిచి జేబులో ఉంచుకొనవలెను. ప్లాస్టిక్కు తొడుగును ఎల్లవేళల వేసియుంచిన లోపలి తేమ బయటకు పోదు.

దారిలోను, స్టూడియోలోను

పెట్టె ఎంత మంచిదైనను దానిని మోయువాని అలవాటే చివరకు వాద్యమును కాచును. బస్సులో పెట్టె టాపుపైకి పోరాదు. ఒడిలోనో, కాళ్ల నడుమనో నిలువుగ ఉండవలెను. ట్రాక్టరుపై పోవునపుడు తొట్టి నేలపై కాక మనిషి భుజమున ఉండుట మేలు. నేలకు తగులు కుదుపును మన దేహము కొంత మ్రింగును. ప్రభ కట్టు వెదుళ్లకు పెట్టెను తగిలించు అలవాటు కొందరికి కలదు. ప్రభ ఊగునపుడు అదియు ఊగును. చుట్టును విద్యుత్తీగలు కూడ ఉండును. అది వలదు.

విరామమున అరగంటకంటె ఎక్కువ కూర్చుండవలసివచ్చినచో రీడు తీసి, గొట్టము తుడిచి, పెట్టెలో పెట్టుట శ్రమ అనిపించును. కాని బల్లపై వదలిన వాద్యమునకు తిరునాళ్లలో కాపలా ఎవరు? పిల్లలు ముట్టుకొందురు, పెద్దలు తట్టుకొందురు.

ఇక మా అనుభవములోని సంగతి ఒకటి. ఎండలో ప్రయాణము చేసి వచ్చిన విద్వాంసుడు చల్లబరచిన స్టూడియోలో అడుగుపెట్టినవెంటనే పెట్టె తెరచి ఊదినచో వాద్యము శ్రుతి నిలువదు. గాలి వేడిగానున్నచో ధ్వని వేగము హెచ్చి శ్రుతి పెరుగును. చల్లబడినచో శ్రుతి తగ్గును. కొయ్యకును ఆ హఠాత్తు మార్పు మంచిది కాదు. పెట్టెను స్టూడియోలోనికి తెచ్చి, మూత తెరువకుండ కొంతసేపు ఉంచి, ఆ తరువాత తెరచి, మెల్లగ ఊది వెచ్చబరచినచో శ్రుతి కుదురును. కళాకారులను అరగంట ముందు రమ్మని మేము కోరుటకు గల కారణములలో ఇది యొకటి. మా కోరికను అధికారదర్పముగ భావింపవలదని మనవి.

ఇంటిలో పెట్టెను కిటికీ ప్రక్కన గాని, వంటయింటి గోడకు గాని, రిఫ్రిజిరేటరు పైన గాని ఉంచరాదు. ఊదినను ఊదకున్నను పదిహేను దినములకొకసారి తెరచి గాలి చూపవలెను. వానకాలమున తేమను పీల్చు సిలికా జెల్ పొట్లము ఒకటి వేయవచ్చును; వేసవి రాగానే దానిని తీసివేయవలెను. మరచినచో ఆ పొట్లమే కొయ్యలోని తడిని పీల్చును.

చివరకు ఏ పెట్టె?

ఆ తండ్రి అడిగిన ప్రశ్నకు ఒక్కమాటలో సమాధానము లేదు. పెట్టె వాద్యమును బట్టి కాక అది పోవు దారిని బట్టి ఎన్నుకొనవలసినది. పట్టణములో పాఠమునకు పోవు విద్యార్థికి వీపున తగిలించుకొను నురుగుపెట్టె చాలును. కచేరీలకు దూరప్రయాణము చేయు విద్వాంసునకు గట్టి గాజునార పెట్టె తగును. మూటలతో, డోళ్లతో కలిసి ట్రాక్టరుపై తిరుగు బ్యాండుమేళపు వాద్యకారునకు కొయ్యపెట్టెయే శరణ్యము. అది బరువైనను పైన పడు డోలుకు వంగదు, విరిగినను ఊరిలోనే బాగుపడును.

ఆ యువకుని తండ్రి స్వయముగ వడ్రంగి యని మాకు పిదప తెలిసినది. పై వివరములు వ్రాసి పంపితిమి. కొన్ని నెలలకు జవాబు వచ్చినది: “పెట్టె చేశానండి. మా అబ్బాయి బరువంటున్నాడు. మోయమన్నాను. తెల్లచుక్క కూడా పెట్టాను.” అంతకుమించి అందులో ఏమియు లేదు. మరుసటి శివరాత్రికి మేము కోటప్పకొండకు పోయినపుడు ప్రభల వరుసలో ఆ మేళమును వెదకితిమి. రద్దీలో యువకుడు కనబడలేదు. కాని ఒక ప్రభ ముందు క్లారినెట్ మంద్రస్థాయినుండి పైకి తడబాటు లేక పలుకుచున్నది. ఆ వాద్యకారుని కాళ్లవద్ద, జనము తొక్కకుండ రెండు డోళ్ల నడుమ, తెల్లచుక్క గల పెట్టె ఒకటి ఉన్నది.